పుట్టబోయే బిడ్డకు అభయదానం





ఆషాఢ పౌర్ణమి నాడు మా విహారంలో వందన ముగిసింది. వర్షావాసం మొదటిరోజు కాబట్టి జనం బాగానే వచ్చారు. త్రిశరణాలు, పంచశీలాలు అందరం ఒక్క గొంతుతో చెప్పుకున్నాం. పాయసం పంచారు. చాపలు చుడుతుంటే ఒక అక్క కోడలి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కోడలికి ఐదో నెల నడుస్తోంది.

"తమ్మీ, ఒక మాట అడుగుత, తప్పు పట్టకు. ఈ పిల్లకు ఒళ్ళంత వేడి అంటది. ఒంటికి పోతే మంట అంటది. పొద్దుగాల దించిన ఈతకల్లు ఒక గిలాసెడు తాగితే సలువ జేస్తది. మా అవ్వ నాకు తాపింది. నేను ముగ్గురిని కన్న, ముగ్గురు మంచిగనే ఉన్నరు. మరి ఇప్పుడే గద ఐదో శీలం చెప్పిస్తివి. మందు లెక్క తాగినా శీలం తప్పినట్టేనా?"

"వద్దక్కా, తాపకు. ముందు ఆ మంట సంగతి నర్సమ్మకు చూపెట్టు" అన్నాను. ఆమె తల ఊపింది గానీ ముఖంలో నమ్మకం కనపడలేదు. పక్కన ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. తన కడుపు గురించి ఇద్దరం మాట్లాడుతున్నాం, ఆమెను ఒక్కమాట అడిగినవాళ్ళం లేము.

ఇంటికి పోయాక నా జవాబు నాకే నచ్చలేదు. వద్దంటే వద్దు అనేది పురోహితుడి మాట. ఎందుకు వద్దో చెప్పకుండా శీలం చెప్పిస్తే, మంత్రం చదివించినట్టే అవుతుంది. కాలాములకు భగవానుడు ఏం చెప్పాడు? పెద్దలనుంచి వస్తున్నదని నమ్మకండి, గురువు చెప్పాడని నమ్మకండి, మీరే విచారించి చూడండి అన్నాడు. అంటే "మా అవ్వ తాపింది" అన్నది చాలదు. "తమ్ముడు వద్దన్నాడు" అన్నదీ చాలదు. అందుకే ఆ అక్క అడిగినదానికి పూర్తి జవాబు ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ అక్క చెడ్డ మనిషి కాదు. కోడలి మీద ప్రేమతోనే గిలాస పట్టుకుంది. ఐదో శీలం చరిత్రలో కూడా ఇలాంటి ప్రేమే ఒకటుంది.

సాగతుడు అనే భిక్షువు ఉండేవాడు. గొప్ప శక్తిమంతుడు. నిప్పులు కక్కే నాగుణ్ణి లొంగదీసినవాడని ఆయనకు పేరు. ఆయన కోశాంబికి వచ్చాడని తెలిసి ఊరి ఉపాసకులు సంబరపడ్డారు. "భిక్షువులకు దొరకనిది, ఇష్టమైనది ఏదైనా ఉంటే చెప్పండి, సిద్ధం చేస్తాం" అని అడిగారు. కొందరు అల్లరి భిక్షువులు మంచి రంగున్న ఒకరకం మద్యం పేరు చెప్పారు. ఇక మరునాడు ఇంటింటా ఆ మద్యమే. సాగతుడు భిక్షకు బయల్దేరితే ప్రతి గడపలోనూ "కొంచెం పుచ్చుకోండి భంతే" అని పోశారు. ఇంటికింత తాగి తాగి, తిరిగి వస్తూ నగర ద్వారం దగ్గర పడిపోయాడు. భగవానుడు వచ్చి చూశాడు. విహారానికి మోయించుకుపోయి పడుకోబెడితే, ఒళ్ళు తెలియక తథాగతుడి వైపే కాళ్ళు చాపాడు. "నాగుణ్ణి గెలిచిన ఈ సాగతుడు ఇప్పుడు నీటిపాముతోనైనా పోరాడగలడా?" అని భగవానుడు భిక్షువులను అడిగాడు. మద్యం తాగరాదనే వినయ నియమం ఆ రోజు ఏర్పడింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం సాగతుడి గురించే మాట్లాడుకుంటాం. పోసినవాళ్ళ గురించి మాట్లాడం. వాళ్ళలో ఒక్కరికీ ద్వేషం లేదు. భక్తితో పోశారు. అయినా తాగినవాడు పడిపోయాడు. మద్యం లోపలికి పోయాక పోసినవాడి మనసు ఎలాంటిదో చూడదు. సాగతుడు కనీసం చెయ్యి చాపి పుచ్చుకున్నాడు. వద్దు అనే వీలు ఆయనకు ఉంది. కడుపులో ఉన్న బిడ్డకు ఆ వీలు కూడా లేదు.

"మందు లెక్క" అన్న మాటకూ వినయంలో జవాబుంది. రోగానికి కాచే తైలంలో మద్యం కలపాల్సి వస్తే, దాని రంగు గానీ, వాసన గానీ, రుచి గానీ తెలియనంత కొద్దిగా అయితే భగవానుడు అనుమతించాడు. ఎక్కువ కలిపి తాగి మత్తెక్కిన భిక్షువులుంటే దాన్ని ఆపించాడు. కాబట్టి ధమ్మం మొండిది కాదు. వైద్యానికి చోటిచ్చింది. అయితే గిలాసెడు కల్లు గర్భిణికి వైద్యం అవునా కాదా అన్నది ధమ్మగురువు తేల్చేది కాదు, వైద్యం తేల్చాలి. వైద్యం తేల్చేసింది కూడా.

కడుపులో ఏం జరుగుతుందో చూద్దాం. తల్లి తాగింది ఏదైనా, ఈతకల్లు, తాటికల్లు, బీరు, బ్రాందీ, వైను, అందులో మత్తునిచ్చే పదార్థం ఒక్కటే. ఆల్కహాల్. అది తల్లి కడుపులోంచి నెత్తురులోకి పోతుంది. నెత్తురులోంచి మాయ దాటి, బొడ్డుతాడు గుండా బిడ్డ నెత్తురులోకి పోతుంది. మాయ చాలావాటిని వడగడుతుంది కానీ ఆల్కహాల్‌ను ఆపలేదు. కొద్దిసేపట్లోనే తల్లి నెత్తురులో ఎంత ఉందో బిడ్డ నెత్తురులోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లికి కాలేయం ఉంది, గంటగంటకూ కొంత విరిచేస్తుంది. బిడ్డ కాలేయం ఇంకా తయారవుతూనే ఉంది, దానికి ఆ శక్తి లేదు. ఉమ్మనీటిలో కూడా ఆల్కహాల్ చేరుతుంది. బిడ్డ ఆ నీటినే మింగుతూ ఉంటుంది. తల్లికి దిగిపోయిన తర్వాత కూడా బిడ్డ అందులోనే ఉంటుంది.

మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపల గుండె, కాళ్ళు చేతులు, ముఖం రూపు కడతాయి. ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళకు నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. మెదడు మాత్రం మొదటి వారాల్లో మొదలై తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే "మూడు నెలలు దాటినయ్, ఇక భయం లేదు" అన్నమాట తప్పు. ఏడో నెలలో తాగినా మెదడు మీదే పడుతుంది. గర్భస్రావం కావచ్చు. బిడ్డ కడుపులోనే పోవచ్చు. నెలలు నిండకుండా పుట్టవచ్చు, బరువు తక్కువ పుట్టవచ్చు. ఇవేవీ జరగకుండా చూడటానికి బాగానే పుట్టి, తర్వాత ఆరేడేళ్ళకు లోపం బయటపడవచ్చు. ఎంత తాగితే ఫర్వాలేదో చెప్పే కొలత ఏ వైద్యుడి దగ్గరా లేదు. ఫలానా నెలలో తాగవచ్చు అన్న నెలా లేదు. ఒకేసారి ఎక్కువ తాగడం, రోజూ తాగడం మరీ ప్రమాదం.

"నా ముగ్గురు మంచిగనే ఉన్నరు" అంది అక్క. నిజమే. తాగిన ప్రతి తల్లి బిడ్డకూ ఒకేలా దెబ్బ తగలదు. ఎంత తాగింది, ఏ నెలలో తాగింది, తిండి సరిగా ఉందా, ఒంటి తీరు ఎలాంటిది, వీటన్నిటినిబట్టి మారుతుంది. కళ్ళు మూసుకుని మూడుసార్లు హైవే దాటి బతికి వచ్చామనుకోండి. నాలుగోసారి కోడల్ని అట్లా నడిపిస్తామా?

కల్లు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో కల్లును మందు కింద లెక్కపెట్టరు. "సారా తాగం, కల్లే" అంటారు. చెట్టు మీద కుండలో చుక్క పడ్డప్పటి నుంచే పులియడం మొదలవుతుంది. పొద్దుటి కల్లులో కొంత తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ ఎక్కువ, సాయంత్రానికి బీరుకు దగ్గరగా వస్తుంది. బీరు సంగతీ అంతే, "బీరు ఏంగాదు" అంటారు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో నూటికి 5 పాళ్ళు ఆల్కహాల్ ఉంటే, లెక్కకు 32 మిల్లీలీటర్లు దాటుతుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 26. ఏది ఎక్కువో మీరే చూడండి.

ఇంకో ప్రమాదం. ఇప్పుడు మన ఊళ్ళలో, పట్నంలోని కంపౌండ్లలో దొరికే కల్లు అంతా చెట్టుకల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, ఆల్ప్రజోలమ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది. చలువ కోసమని కోడలికి పోస్తున్న గిలాసలో నిద్రమాత్రల పొడి ఉందేమో పోసే అత్తకు తెలియదు, అమ్మేవాణ్ణి అడిగితే చెప్పడు.

బాలింతకు బ్రాందీ పోసే అలవాటు కూడా మానాలి. ఒళ్ళు గట్టిపడుతుందని పోస్తారు. అది చనుబాలలోకి పోతుంది. పాలు దిగడం తగ్గుతుంది. అరిష్టాల పేరుతో అమ్మే టానిక్కుల్లోనూ పులియబెట్టడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద రాసి కూడా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ని అడగకుండా తాగొద్దు. దగ్గు మందు కొనేటప్పుడు కూడా మెడికల్ షాపులో "కడుపుతో ఉన్న" అని చెప్పండి.

మన జనం గర్భిణిని ఎంత జాగ్రత్తగా చూస్తారో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. గ్రహణం పట్టిన రోజు గదిలో పడుకోబెడతారు. కత్తి ముట్టనివ్వరు, కూరగాయ కోయనివ్వరు, పక్కకు ఒత్తిగిలనివ్వరు. బిడ్డకు పెదవి చీలితే దాని పేరే గ్రహణం మొర్రి. సూర్యుడికి, భూమికి మధ్య చంద్రుడు వచ్చినంత మాత్రాన కడుపులో బిడ్డకు ఏమీ కాదు. ఏమీ చేయని గ్రహణానికి అంత భయపడతాం. గ్రహణం విడిచాక అదే పిల్లకు, పాపం పొద్దున్నుంచి పస్తుంది అని, గిలాస అందిస్తాం.

బిడ్డలో లోపం కనపడితే ఇక చెప్పే మాటలు మూడే. దేవుడి శాపం. దిష్టి. పూర్వజన్మ కర్మ. ఈ మూడోది మనల్ని వేల ఏళ్ళు అణిచిన మాట. పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టి ఈ జన్మలో అంటరానివాడివి అని చెప్పారు. బాబాసాహెబ్ ఆ సిద్ధాంతాన్ని బుద్ధుడి కర్మ సిద్ధాంతం నుంచి వేరు చేసి, తన గ్రంథంలో తిప్పికొట్టాడు. కాబట్టి ఒక పసిబిడ్డను చూసి "ఏ జన్మలో ఏం చేసిందో" అని నోరు జారే ఉపాసకుడు తాను దీక్షలో వదిలేసినదాన్నే మళ్ళీ నెత్తికెత్తుకున్నట్టు. ధమ్మం చెప్పేది ప్రతీత్య సముత్పాదం. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. కారణాన్ని వెతకాలి.

వైద్యులు ఈ కారణాన్ని వెతికిన తీరూ అదే. 1968లో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు, తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలను పరీక్షించి, వాళ్ళలో ఒకేరకం లోపాలు కనపడుతున్నాయని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే వైద్యులు తాగే తల్లుల పిల్లల్లో అవే గుర్తులు చూశారు. చిన్న కళ్ళు. ముక్కుకూ పై పెదవికీ మధ్య ఉండే గాడి చదునైపోవడం. పల్చటి పై పెదవి. తల చిన్నది, ఎదుగుదల తక్కువ. దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ముఖంలో ఏ గుర్తూ లేకుండా, మెదడు మాత్రమే దెబ్బతిన్న పిల్లలు ఇంకా ఎక్కువ. ఇప్పుడు సెప్టెంబర్ 9ని దీని గురించి తెలియజెప్పే రోజుగా చాలా దేశాల్లో జరుపుతున్నారు. తొమ్మిదో నెల తొమ్మిదో తేదీ, తొమ్మిది నెలల గుర్తుగా.

ముఖంలో గుర్తు లేని ఆ పిల్లల గురించే నాకు ఎక్కువ బాధ. వాళ్ళు ఎలా ఉంటారంటే, నిన్న నేర్పింది ఇవాళ గుర్తుండదు. లెక్కలు ఎక్కవు. ఒకచోట కూర్చోలేరు. చేసిన తప్పుకు దెబ్బలు తిని, మళ్ళీ అదే తప్పు చేస్తారు, ఎందుకంటే ఇలా చేస్తే అలా అవుతుందని జోడించుకునే శక్తే దెబ్బతిని ఉంటుంది. బడిలో మొద్దు అంటారు. ఇంట్లో మొండి అంటారు. మన పిల్లలైతే మరో మాట కూడా అంటారు, మీకు తెలుసు, "వీళ్ళకు చదువు ఎక్కడొస్తుంది" అని. మన తాతలకు అక్షరం వినపడితే శిక్ష. బాబాసాహెబ్ మనకిచ్చిన మూడు మాటల్లో మొదటిది చదువు. ఆ చదువు ఎక్కాల్సిన మెదడు కడుపులో తయారయ్యే తొమ్మిది నెలల్లో, దాని మీద మనమే కల్లు పోస్తున్నాం. ఎవరో పెట్టిన రోగమైతే పోరాడేవాళ్ళం. దీనికి ధర్నా అవసరం లేదు, కోర్టు అవసరం లేదు. తల్లి తాగకపోతే ఈ రోగం బిడ్డకు రాదు. నూటికి నూరుపాళ్ళు.

అయితే మన జనానికి తాగుడు ఎక్కడినుంచి వచ్చిందో కూడా మరిచిపోకూడదు. చావు దగ్గర డప్పు కొట్టినవాడికి కూలి బదులు సీసా ఇచ్చిన ఊళ్ళు ఎన్ని! నాట్లకు, కోతలకు వచ్చిన కూలీలకు కల్లు పోయించి, డబ్బులు కోసుకున్న దొరలు ఎందరు! దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ ద్రాక్షతోటల్లో దీన్ని ఒక పద్ధతిగానే నడిపారు. దాన్ని డాప్ పద్ధతి అంటారు. తోటల్లో పనిచేసే నల్ల, మిశ్రమజాతి కూలీలకు కూలిలో కొంత భాగం చౌక వైన్‌గా, పనిమధ్యలో పూటపూటకూ పోసేవారు. తరతరాలు అలా గడిచాయి. 1960ల్లో చట్టం నిషేధించినా అలవాటు పోలేదు. తల్లి కడుపులోనే ఆల్కహాల్ దెబ్బ తగిలిన పిల్లలు ప్రపంచంలో అత్యధికంగా నమోదైన ప్రాంతాల్లో అది ఒకటి. తెల్లదొర పోసిన కూలి మనవల మెదళ్ళలో కనపడుతోంది. వాళ్ళ కథ చదువుతుంటే మన వాడలే కళ్ళముందు తిరిగాయి.

మన ఆడవాళ్ళు దీన్ని ఎదిరించిన చరిత్ర కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో పోయింది. కొట్లు మళ్ళీ తెరుచుకున్నాయి. అది మరో పుస్తకానికి సరిపడే సంగతి.

బాబాసాహెబ్ గర్భిణుల కోసం మాట్లాడిన సంగతి మనలో చాలామందికి తెలియదు. 1928లో, అంటే దీక్షకు 28 ఏళ్ళ ముందు, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు చర్చకు వస్తే ఆయన లేచి సమర్థించాడు. మిల్లుల్లో పనిచేసే ఆడకూలికి కాన్పుకు ముందూ వెనకా విశ్రాంతి, జీతం ఇవ్వాలని, అది దేశానికే మేలని వాదించాడు. మరుసటి ఏడాది ఆ చట్టం వచ్చింది. కడుపులో ఉన్న కూలి బిడ్డ కూడా ఈ దేశపు బిడ్డే అని ఆయన లెక్క. రాజ్యాంగంలో 47వ అధికరణం తీసి చూడండి. ప్రజల తిండిలో పోషణ పెంచడం, ప్రజారోగ్యం, మత్తు పానీయాల నిషేధం, ఈ మూడూ ఒకేచోట ఉంటాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు తాగనన్నది ఒకటి. అంగుత్తర నికాయంలో భగవానుడు ఐదు శీలాలను ఐదు మహాదానాలు అన్నాడు. శీలం పాటించేవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం ఇస్తున్నాడని చెప్పాడు. చేతిలో చిల్లిగవ్వ లేని ఆడకూతురు కూడా ఇవ్వగల దానం అది. తీసుకునే మొదటి మనిషి ఆమె కడుపులోనే ఉన్నాడు.

ఇప్పుడు మగవాళ్ళతో ఒక మాట. ఈ పుస్తకం చదివి ఇంటికి పోయి, ఒక చేతిలో క్వార్టర్ సీసా పట్టుకుని భార్యకు శీలం చెప్పే ఉపాసకులు ఉంటారు. నాకు తెలుసు, అలాంటివాళ్ళు నా చుట్టాల్లోనే ఉన్నారు. సిగాలుడికి భగవానుడు చెప్పిన ఉపదేశంలో తాగుడు వల్ల ఆరు నష్టాలు చెప్పాడు. డబ్బు పోతుంది, తగాదాలు పెరుగుతాయి, రోగాలొస్తాయి, పరువు పోతుంది, ఒంటిమీద గుడ్డ నిలవదు, తెలివి తగ్గుతుంది. అదే ఉపదేశంలో భర్త భార్యను గౌరవించాలి, అవమానించకూడదు, ఇంటి పెత్తనం ఆమెకివ్వాలి అని కూడా చెప్పాడు. మీరు ఇంట్లో తాగుతూ "నువ్వు తాగకు" అంటే ఆమె వినదు, వినాల్సిన అవసరమూ లేదు. చాలామంది ఆడవాళ్ళకు మొదటి గుటక తాపింది మొగుడే. తాగి వచ్చి కడుపుతో ఉన్న భార్యను కొట్టేవాడైతే, వాడికి ఐదో శీలం ఒక్కటే కాదు, మొదటిదీ పోయింది. ఆమె నెల తప్పిన రోజు నుంచి మీరు కూడా మానండి. పిల్లలు కావాలనుకుంటున్న కొత్త జంటలైతే ఇద్దరూ ముందే మానండి.

ఇక అసలు కష్టమైన చోటు. "నేను తెలియక తాగిన, నాకు ఇప్పుడు నాలుగో నెల" అని ఎవరైనా చెల్లి ఇది చదువుతూ ఉండవచ్చు. అమ్మా, భయపడి బిడ్డను తీయించుకోవాలని పరుగెత్తకు. ఈ రోజు మానితే ఈ రోజు నుంచి బిడ్డకు మేలే, మిగిలిన నెలల మెదడు నీ చేతుల్లోనే ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్ ఉచితంగా చూస్తారు. ఆ రోజు వెళ్ళి, తాగిన సంగతి దాచకుండా చెప్పు. ఆశ అక్కకు చెప్పినా తీసుకుపోతుంది.

రోజూ తాగే అలవాటున్న తల్లికి మాత్రం జాగ్రత్త వేరు. ముఖ్యంగా కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లో మానేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఏవేవో కనపడటం, ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటివాళ్ళను గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ధమ్మం కాదు. ఆసుపత్రిలో చేర్పించి, డాక్టర్ కళ్ళముందు మాన్పించాలి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446. మనసు బాగాలేక తాగేవాళ్ళకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే.

ఇప్పటికే అలాంటి బిడ్డ ఒడిలో ఉన్న తల్లికి ఎవరూ వేలు చూపించకండి. చేతననే కర్మ అంటాను అన్నాడు భగవానుడు. తెలియక, పెద్దలు పోస్తే తాగిన తల్లికి బిడ్డను చెరపాలన్న చేతన ఎక్కడిది? బిడ్డను డాక్టర్‌కు చూపించాలి, తల్లి తాగిన సంగతి డాక్టర్‌కు చెప్పాలి. పోయిన మెదడును తెచ్చే మందు లేదు గానీ, చిన్నప్పుడే గుర్తించి, ఓపిగ్గా, ఒక్కొక్కటే చెబుతూ, రోజూ ఒకే పద్ధతిలో నడిపిస్తే ఆ పిల్లలు చాలా నేర్చుకుంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడికి తీసుకుపోండి. కొట్టకండి. కొడితే నేర్చుకునే పిల్లలు కారు వాళ్ళు.

కరణీయ మెత్త సుత్తం మనం ప్రతి పౌర్ణమికీ చదువుతాం. అందులో మైత్రి ఎవరెవరికి చేరాలో చెప్పేచోట చిన్న ప్రాణి, పెద్ద ప్రాణి, కనపడేది, కనపడనిది అంటూ పోయి, పుట్టినవాళ్ళతోపాటు పుట్టబోయేవాళ్ళను కూడా చేర్చారు. ఎన్నో ఏళ్ళు చదివాను గానీ, ఆ పుట్టబోయేవాళ్ళంటే ఎవరో నా బుర్రకు తట్టలేదు. ఆ అక్క కోడలు తల వంచుకుని నిలబడ్డ రోజు తట్టింది. అంగుళిమాలుడు కూడా భిక్షువయ్యాక భిక్షకు పోతూ, కాన్పు కష్టమై అల్లాడుతున్న స్త్రీని చూసి తల్లడిల్లాడు. వచ్చి భగవానుడికి చెప్పుకున్నాడు. ఆయన పంపితే మళ్ళీ వెళ్ళి, ఈ ఆర్యజన్మ ఎత్తినప్పటి నుంచి తెలిసి ఏ ప్రాణినీ హింసించలేదన్న సత్యం మీద తల్లికీ బిడ్డకూ మేలు కోరాడు. బౌద్ధ దేశాల్లో ఇప్పటికీ గర్భిణుల దగ్గర దాన్ని చదువుతారు. మంత్రంలాగా నమ్మమని చెప్పడం లేదు. ఆ మాట చెప్పాలంటే చెప్పేవాడు ముందు శీలంలో ఉండాలి. సీమంతాలకు నన్ను పిలిచి పరిత్తం చదవమంటారు, వెనక గదిలో మగవాళ్ళకు సీసాలు సర్దుతుంటారు. ఇకముందు ఆ ఇంట్లో నేను చదవను. సీమంతం నాడు ఐదో శీలం గర్భిణి ఒక్కతే చెప్పడం కూడా వద్దు. అత్త, మామ, మొగుడు, తల్లి, తోడికోడళ్ళు, అందరూ ఆమె పక్కన కూర్చుని చెప్పాలి. పోసే చేతులు అన్నీ అక్కడే ఉంటాయి కదా.

శ్రావణ పౌర్ణమికి ఆ అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి కోడలే ముందు నడిచి వచ్చి మాట్లాడింది. ఆ మంట వేడి వల్ల కాదట. నర్సమ్మ ఒంటి పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలిందట. గర్భిణులకు అది తరచుగా వస్తుందని, చూసుకోకపోతే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చని డాక్టరమ్మ చెప్పి, వారం మాత్రలు ఇచ్చిందట. నీళ్ళు బాగా తాగమంది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు తాగొచ్చంది. ఇప్పుడు మంట లేదు.

"కల్లు తాపితే మంట సల్లబడ్డదనుకునేటిదాన్ని తమ్మీ, లోపల పుండు లోపల్నే ఉండు" అంది అక్క. తర్వాత కొంచెం ఆగి, తన రెండోవాడు పదో తరగతి దాటలేకపోయిన సంగతి ఎత్తింది. వాడి కడుపులో ఉన్నప్పుడే తాను ఎక్కువ తాగానని, దానివల్లేనా అని అడిగింది. చెప్పలేం అక్కా, చదువు ఆగడానికి వంద కారణాలుంటాయి, ఏదైనా నీ చేతన కాదు అన్నాను. వాడు ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతాడని, తల్లికి ఏ లోటూ రానివ్వడని ఆమే చెప్పింది. ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. వందన మొదలైంది.